వేపచెట్టుకు కట్టిన తెల్ల పంచె

పెళ్లాన్ని సంతోషపెట్టాలని బయల్దేరి, ఆమె నోటికాడి ముద్దను, తల్లోని పూలను, తన కొత్త పంచెను ఒకే సాయంత్రం గొర్రెలపాలు చేసుకున్న మొగుడు మా పెద్దారవీడు చుట్టుపక్కల ఇంకొకడెవడైనా ఉంటే దయచేసి నా దగ్గరికి రండి. ఇద్దరం కూర్చుని బాధలు చెప్పుకుందాం. భోజనం మాత్రం ఇంటి దగ్గరే చేసి రండి. ఎందుకలా అంటున్నానో చదివితే మీకే తెలుస్తుంది.

ఇది ఐదారేళ్ల కిందటి మాట. అప్పట్లో నాకు బుద్ధి బొత్తిగా లేదు. ఇప్పుడుందా అని నన్ను అడక్కండి, అది మా ఆవిడను అడగాల్సిన ప్రశ్న.

నాకొక జబ్బుంది. తిండి వేళకు ఎవరు కనపడినా "రా, తిని పోదువు" అనేస్తాను. మా నాయన నుంచి వచ్చింది. కరెంటు బిల్లు తీయడానికి వచ్చినవాడు, గొడ్ల బేరానికి వచ్చినవాడు, యర్రగొండపాలెం బస్సు తప్పిపోయి మా అరుగు మీద కూలబడినవాడు, అందరూ మా ఇంట్లో చెయ్యి కడిగినవాళ్లే. "ఆయన ఇంట్లో అన్నానికి లోటుండదబ్బా" అని ఊరంతా అనేది. పేరు నాది. పొయ్యి ముందు పొగ ఆదిలక్ష్మిది. ఆదిలక్ష్మి అంటే నా భార్య. అందరూ తిని లేచాక గిన్నె అడుగున ఏం మిగిలితే అది, చల్లారిపోయాక, వంటింట్లో నిలబడి తినేది. నేను గమనించలేదని చెబితే అబద్ధమవుతుంది. గమనించాను. ఇళ్లలో అలాగే ఉంటుందిలే అనుకున్నాను.

ఆ ఎండాకాలం మా పెళ్లిరోజు ముందు మా కూతురు శిరీష గిద్దలూరు నుంచి ఫోన్ చేసింది.

"నాయనా, ఈసారన్నా అమ్మను యాడికన్నా తీసుకపో."

"యాడికి తీసుకపోవాలమ్మా? ఈ ఎండలకు గడప దాటితే మాడిపోతాం."

"దూరం వద్దులే నాయనా. ఇప్పుడందరూ డేట్ నైట్ చేసుకుంటాండారు. మీ ఇద్దరే. డాబా మీదనో, పొలంలోనో ఒక దుప్పటి పరిచి, నాలుగు లైట్లు కట్టి, నువ్వే వండి అమ్మకు పెట్టు. ఖర్చు కూడా ఏం కాదు."

చివరి మాట నాకు బాగా నచ్చింది. వెంటనే స్పీకర్ పెట్టి, బియ్యం ఏరుతున్న ఆదిలక్ష్మి వైపు తిరిగి, అదంతా నాకే తట్టినట్టు చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"లైట్లు గియిట్లు నాకేం వద్దయ్యా. ఒక్క పూట, ఒకే ఒక్క పూట, అందరికంటే ముందు నేను తినాల. వేడిగా తినాల. నువ్వు వడ్డించాల. మధ్యలో అన్నా అని, మామా అని ఒక్కరు కూడా రాకూడదు. అయితదా నీతో?"

"ఎందుకు కాదు?"

"వస్తే?"

"వస్తే నా పేరు మార్చుకుంటా."

"నీ పేరు నాకేం పనికొస్తాది! ఎవరన్నా వస్తే రేపటి నుంచి వంట నీది. మీ చుట్టాలకు, బేరగాళ్లకు, దారిన పోయేవాళ్లకు, అందరికీ నువ్వే వండి పెట్టుకో."

ఫోన్‌లో శిరీష నవ్వు ఆపుకోలేకపోతోంది. నేను మాత్రం మీసం మీద చెయ్యి వేసి "సరే" అన్నాను.

ఇక్కడ కథ ఆపి మీకొక సంగతి చెప్పాలి, లేకపోతే నన్ను మరీ అమాయకుడనుకుంటారు. ఎండాకాలంలో చేలు ఖాళీగా ఉన్నప్పుడు మా వైపు రైతులు గొర్రెల మందను పొలంలో కట్టిస్తారు. మంద రాత్రంతా అక్కడే పడుకుంటే పొలానికి ఎరువు. ఆ పూట కాపరులకు భోజనం పొలం ఆసామిదే. అది ఆనవాయితీ. పెళ్లిరోజుకు కొన్నాళ్ల ముందు పెద్దారవీడు టీ దుకాణం దగ్గర గురవయ్య మామ కనపడ్డాడు. నాకు చుట్టమేమీ కాదు. పెద్ద మందకు యజమాని, తెల్ల మీసాల మనిషి. మందతో హనుమంతునిపాడు దాకా తిరిగి వచ్చానన్నాడు. ఊరికే పోనిస్తానా?

"మామా, మా పై పొలంలో ఒక పూట మంద కట్టాల."

"కడతాలే అల్లుడా. ఎప్పుడో నువ్వే చెప్పు. నా ఫోనులో చార్జింగు ఉండదు, ఉంటే సిగ్నలు ఉండదు. నీకు కావాలనుకున్న రోజు మీ పొలంలో వేపచెట్టుకు ఒక తెల్లగుడ్డ కట్టు. మిట్ట మీద నుంచి నాకు కనపడతాది. గుడ్డ కనపడిందంటే పొద్దుగూకేసరికి మంద దింపుతా."

"కడతా మామా."

"అన్నం మాత్రం మరిచిపోయేవు."

"ఎంత మాటన్నావు మామా! అన్నం నేనే స్వయంగా పొలం కాడికి తెచ్చి, నా చేత్తో వడ్డిస్తా."

అంత ఘనంగా చెప్పి, ఇల్లు చేరేలోగా ఆ సంగతే మరిచిపోయాను. దారిలో ఇంకో ముగ్గురికి ఇంకో మూడు మాటలు ఇచ్చాను మరి. నా బుర్రలో చోటు తక్కువ.

పెళ్లిరోజు వచ్చింది. ఆదిలక్ష్మిని వంటింట్లోకి రావద్దని అరుగు మీద కూర్చోబెట్టాను. ఇంటి కోడినే కోశాను కాబట్టి ఖర్చు లేదు. వంట మొదలైంది.

"ఆదీ, ధనియాలపొడి యాడుంది?"

"ఎర్రమూత డబ్బాలో."

"ఎర్రమూత డబ్బాలో కాఫీపొడి ఉందే?"

"వేసినావా ఏంది?"

"ఊరికే వాసన చూసినాలే."

కొంచెం వేశాను. అది మన మధ్యే ఉండనివ్వండి. అయినా నాటుకోడి మహా మంచిది, అన్నిటినీ కలుపుకుపోయింది. కూర వాసన వీధి చివరి దాకా పోయింది. నిజంగా బాగా కుదిరింది. అన్నం వండాను. సేమ్యా పాయసం చేశాను. గిన్నెల మూతలు గట్టిగా గుడ్డతో బిగించి, బండికి తగిలించి, ఇంటికి తాళం వేసి, ఎవరి కళ్లూ పడకుండా వెనక సందులోంచి ఆదిలక్ష్మిని ఎక్కించుకుని పై పొలానికి పోయాను. మొగుడూ పెళ్లాలు అలా దొంగల్లా ఊరు దాటడం మా వీధి చరిత్రలో అదే మొదలు. ఆమె కొత్త చీర కట్టి, మల్లెలు పెట్టుకుని, నా భుజం పట్టుకుని కూర్చుంది. గతుకుల్లో బండి ఎగిరినప్పుడల్లా నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైందని అప్పుడే నాకు తట్టింది.

వేపచెట్టు కింద జంపఖానా పరిచాను. వినాయకుడి పందిరి వేసేవాళ్లను అడిగి తెచ్చిన సీరియల్ బల్బులు కొమ్మలకు చుట్టి, మోటారు గది నుంచి వైరు లాగాను. పగలే వెలుగుతున్నాయి, కానీ వెలుగుతున్నాయి. రెండు కంచాలు పెట్టాను. ఆదిలక్ష్మి కూర్చుని చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎండ సూటిగా కళ్లల్లో కొడతాందయ్యా."

నల్లమల మీదికి దిగుతున్న పొద్దు నిజంగానే ఆమె ముఖం మీదికే వస్తోంది. నేను ఊరుకుంటానా? భోజనం అయ్యాక ఫొటో దిగడానికి కట్టుకుందామని తెచ్చిన కొత్త పంచె సంచిలో ఉంది. తీసి, విప్పి, పడమటి వైపు రెండు కొమ్మలకు బిగించి కట్టాను. తెల్లటి తెల్ల పంచె. గాలికి రెపరెపలాడుతూ ఎంత దూరానికైనా కనపడుతోంది.

"ఇన్నేళ్లకు ఒక తెలివైన పని చేసినావు," అంది ఆదిలక్ష్మి.

నేను చొక్కా కాలరు సర్దుకున్నాను. మీకు అర్థమయింది కదా? నాకు మాత్రం కాలేదు.

కంచంలో వేడి అన్నం పెట్టి, మంచి ముక్కలు ఏరి వేసి, పులుసు పోశాను. పొగలు వస్తున్నాయి. ఆదిలక్ష్మి అన్నం కలిపి ముద్ద చేసింది. నోటి దాకా తీసుకుపోయింది. ఆ ముద్ద తిననిచ్చి ఉంటే ఈ జన్మకు నాకు అదొక్కటి మిగిలేది.

"ఆగాగు!" అని అరిచాను. "శిరీష ఫొటో పంపమనింది. సెల్ఫీ దిగుదాం."

"తిన్నాక దిగుదాం లేవయ్యా."

"ముద్ద చేతిలో ఉంటేనే బాగుంటాది. అట్లనే పట్టుకో. కొంచెం నవ్వు. ఆ వైపు తిరుగు. అబ్బే, ఈ వైపు."

ఆమె ముద్ద అలాగే పట్టుకుని కూర్చుంది. ఫోన్‌లో ఒకసారి నా చెవి పడింది, ఒకసారి ఆకాశం పడింది.

"ఏమయ్యా, మిట్ట మీద ఆ దుమ్మేంది?"

"సుడిగాలిలే."

"గంటలు వినపడతాండాయి."

"గుళ్లో పూజేమో. మన పెళ్లిరోజని దేవుడికి కూడా తెలిసింది," అన్నాను. ఆ క్షణంలో నా అంత సరసుడు ప్రకాశం జిల్లాలో లేడు.

దేవుడు "మే" అన్నాడు.

వెనక్కి తిరిగి చూద్దును కదా, మిట్ట మొత్తం కదిలి కిందికి వస్తోంది. ముందు ఒక పెద్ద పొట్టేలు, మెడలో గంట. దాని వెనక గొర్రెలు, మేకలు, మళ్లీ గొర్రెలు. నాకు టీ దుకాణం, తెల్లగుడ్డ, నేనిచ్చిన మాట అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పంచె లాగేద్దామని లేచాను. బిగించి కట్టానని చెప్పాను కదా, ఊడలేదు. ఈలోపు గొర్రెలు మా జంపఖానా చుట్టూ కమ్మేశాయి. పొట్టేలు తిన్నగా ఆదిలక్ష్మి వెనక్కి వెళ్లి, జడలోని మల్లెలు ఒక్క పట్టున లాగి నమలడం మొదలుపెట్టింది.

"ఒక్కరు కూడా రారన్నావే!" ఆమె అరిచింది.

"మనుషులు రారన్నా," అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

దుమ్ములోంచి గురవయ్య మామ, ఆయన తమ్ముడు కొండయ్య బయటికి వచ్చారు.

"అల్లుడా! గుడ్డ చూసినా, దింపేసినా!" అంటూ వచ్చిన మామ చెట్టు వైపు చూసి నిలబడిపోయాడు. బల్బులు చూశాడు. జంపఖానా చూశాడు. కూర గిన్నె చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఒరేయ్ కొండయ్యా, చూస్తివా? ఇన్నేళ్లు మంద తిప్పినాం, ఎన్ని పొలాల్లో కట్టినాం! మన కోసం లైట్లు కట్టిన రైతును యాడన్నా చూసినామా?"

"కోడికూర కూడానన్నా," అన్నాడు కొండయ్య, మూత తీసి వాసన చూసి.

"అమ్మాయిని కూడా ఎంటబెట్టుకొని వచ్చినాడు. ఆడబిడ్డ చేతి అన్నం! అల్లుడా, నువ్వు మనిషివి కాదయ్యా."

ఆదిలక్ష్మి నా చెవి దగ్గరికి వచ్చింది. "చెప్పు. ఇది మా ఇద్దరికే తెచ్చుకున్నామని చెప్పు."

"చెబుతా."

"ఇప్పుడే చెప్పు."

గొంతు సవరించుకున్నాను. "మామా..."

"ఏంది అల్లుడా?"

నేను చెప్పాలనుకున్న మాట నాలుక దాకా వచ్చింది. నా జబ్బు దాన్ని పక్కకు తోసేసి ముందుకొచ్చింది.

"కాళ్లు కడుక్కోండి మామా."

ఆదిలక్ష్మి నన్ను చూసిన చూపు గురించి రాయను. కాగితం కాలిపోతుంది.

మంద చెదిరిపోకుండా వాళ్లు చకచకా చుట్టూ వల కట్టేశారు. చెట్టు, మేము, కోడికూర, మంద అంతా వల లోపలే. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. ఆదిలక్ష్మి చేతిలోని ముద్దను తన కంచంలోనే పెట్టబోయి ఆగి, ముద్ద పొట్టేలుకు వేసి, కంచంలో వేరే అన్నం పెట్టి "తిను నాయనా" అని గురవయ్య మామ ముందుకు జరిపింది. అలవాటుగా గరిటె అందుకుంది.

"నువ్వు కూర్చో, నేను వడ్డిస్తా," అన్నాను.

"వడ్డించు వడ్డించు. నాకిచ్చిన మాటల్లో అదొక్కటన్నా దక్కనీ," అంది పళ్ల మధ్య నుంచి.

వడ్డించాను. పొద్దున్నుంచి కొండ మీద తిరిగిన మనుషులు. ఎంత రుచిగా తిన్నారో చెప్పలేను. గిన్నెలో కూర తగ్గుతుంటే నా గుండె జారుతోంది. నా నోరు మాత్రం "ఇంకొంచెం వేసుకో మామా, మొహమాటపడొద్దు. కొండయ్యా, ఆ కాలు ముక్క నీదే" అంటోంది. నా నోరు నా మాట వినదు.

"కూరలో ఏందో కొత్త రుచి ఉందే?" అన్నాడు కొండయ్య.

"మార్కాపురం మసాలాలే," అన్నాను కాఫీపొడిని తలుచుకుని.

పాయసం కూడా అయిపోయింది. కాదు, సగం అయిపోయింది, మిగతా సగంలో ఒక మేకపిల్ల కాలు పెట్టింది.

"మీరు తినరా?" అన్నాడు మామ చెయ్యి కడుక్కుంటూ.

"మేం ఇంటికాడ కడుపునిండా తిని వచ్చినాం మామా," అన్నాను.

సరిగ్గా అప్పుడే ఆదిలక్ష్మి కడుపు గుర్రుమంది. గొర్రెలు కూడా తలెత్తి చూశాయి. గురవయ్య మామ ఆమెను చూశాడు. కొత్త చీర చూశాడు. నలిగిపోయిన రెండు మల్లెలు చూశాడు. కంచాలు రెండే ఉన్నాయని అప్పుడు గమనించాడు.

"అమ్మాయ్, నిజం చెప్పు. ఇది మాకు తెచ్చింది కాదు కదా?"

ఆదిలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ రోజు మా పెళ్లిరోజు నాయనా. ఒక్క పూట నేను ముందు తినాల, వేడిగా తినాలని అడిగినా. అంతే అడిగినా."

నాకు నిజంగా సిగ్గేసింది. ఇంత చిన్న కోరిక తీర్చడానికి ఇన్ని బల్బులు కట్టి, చివరికి ఆమె చేతిలోని ముద్ద పొట్టేలుకు పెట్టించాను. మామ లేచాడు. నెత్తిన తువ్వాలు తీసి నడుముకు బిగించాడు.

"కొండయ్యా, మూడు రాళ్లు పెట్టు. అమ్మాయ్, నువ్వు అట్ల కూర్చో. లేసినావంటే ఒప్పుకోను."

మూటలోంచి సత్తుగిన్నె, బియ్యపు నూక, జొన్నపిండి తీశాడు. "పిండి మాతోనే ఉంటాదమ్మా. అన్నం తెస్తామని మరిచిపోయే రైతులు ఉంటారు కదా," అన్నాడు నా వైపు చూడకుండా. పొయ్యి మండింది. కొండయ్య ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ రాతి మీద నూరాడు. మామ గిన్నెను రెండు పాదాల మధ్య బిగించి సంగటి కెలికాడు. మోదుగాకులో వేడి వేడి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి, అప్పుడే పిండిన మేకపాలు కాచి పోసి, పక్కన కారం వేసి ఆదిలక్ష్మి ముందు పెట్టాడు.

"తిను తల్లీ. ముందు నువ్వే."

ఆమె ఊదుకుంటూ తింది. నోరు కాలి "ఉఫ్" అంది. మళ్లీ తింది. నా ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. రెండో ముద్ద అడిగి మరీ వేయించుకుంది. బల్బుల వెలుగులో ఆమె ముఖం పెళ్లినాటి కన్నా బాగుందని అనిపించి, ఆ మాట పైకే అన్నాను.

"పక్కకు జరుగయ్యా, పొగ నా మీదికి వస్తాంది," అంది.

"మామా, నాకు?" అన్నాను చివరికి.

"నువ్వు ఇంటికాడ కడుపునిండా తిని వచ్చినావు కదా అల్లుడా?" అన్నాడు గురవయ్య మామ.

అందరూ నవ్వారు. నవ్వి నవ్వి ఆదిలక్ష్మికి పొలమారింది. చివరికి గిన్నె అడుగున అంటుకున్న మాడు గీకి, తనే ఆకులో వేసి నాకిచ్చింది. అప్పటికి అది చల్లారిపోయింది. కూర్చోవడానికి చోటు లేదు, జంపఖానా నిండా గొర్రెలు పడుకున్నాయి. నిలబడే తిన్నాను.

"ఎట్లుంది?" అంది.

"చల్లగా, గట్టిగా ఉంది."

"అవును. నాకు తెలుసు," అంది.

ఆకు పడేసి, గిన్నెలన్నీ నేనే కడిగాను.

ఇంటికి పోతూ పంచె విప్పుదామని చూస్తే, కింది అంచంతా మేకలు నమిలేశాయి. గొర్రెలు కమ్మినప్పుడు నా వేలు తగిలి ఫోన్‌లో పడిన ఫొటోను సరిగా చూడకుండానే శిరీషకు పంపాను, మరునాడు ఫోన్ చేసింది. "నాయనా, సెల్ఫీ బాగుంది కానీ, నీ పక్కన పొట్టేలు ఉందేంది? అమ్మ యాడ?" ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ల గిద్దలూరు ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. గురవయ్య మామ పోయిన ప్రతి ఊళ్లోనూ నా పొలంలో మందకు లైట్లు కడతారని, కోడికూర, పాయసం పెడతారని చెప్పాడు. కొన్నాళ్లు అడగకుండానే మందలు వచ్చి మా గట్టు మీద నిలబడేవి. పందెం ప్రకారం వాళ్లందరికీ వండింది నేనే. ఇప్పుడు ధనియాలపొడి ఏ డబ్బాలో ఉందో నాకు బాగా తెలుసు. మా ఇంట్లో ముందు ఎవరు తింటారో కూడా తెలుసు.

కాబట్టి పెద్దలారా, అమ్మలారా, మీ అందరి ఎదుట, మేకలు మిగిల్చిన ఆ పంచె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ కంఠంలో ప్రాణం ఉండగా వేపచెట్టుకు తెల్లగుడ్డ కట్టను. తలకు కూడా చుట్టను. చివరికి చేతిరుమాలు కూడా ఆరేయను. ఇన్నేళ్లుగా ఈ మాట తప్పలేదు.

ఈ ఏడు పెళ్లిరోజున ఆదిలక్ష్మి ఎందుకో మధ్యాహ్నమే తలంటుకుని, మల్లెలు రెండు మూరలు తెప్పించుకుంది. ఒక మూర తనకట. రెండో మూర ఎవరికో చెప్పలేదు. నాకు అనుమానం వచ్చి సాయంత్రం బండి వేసుకుని పై పొలానికి పోయాను. వేపచెట్టుకు తెల్లగా ఏదో ఊగుతోంది. దగ్గరికి పోయి చూస్తే నా పంచె, అంచు లేనిది. మిట్ట మీద దుమ్ము లేచింది.

నేను మాత్రం కట్టలేదు.